కళ్ళెం లేని ఫ్యాన్లు

కృత్తిక కార్తె, పదో రోజు

దారి మండలి వారికి,

నేను ఇప్పుడే రాయాలి. ఈ కార్తె ముగిసేలోపు అభ్యంతరం రాతలో అందకపోతే, మా బండికి కళ్ళెం బిగించడానికి గుండ్లమిట్ట ఒప్పుకున్నట్టే లెక్క అని మీ నోటీసులో ఉంది. మేం ఒప్పుకోలేదు. ఆ మాట మీ భాషలో రాయగలిగినదాన్ని ఈ మిట్ట మీద ప్రస్తుతం నేనొక్కదాన్నే. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్నీ నేనే. నా పేరు మద్దిలమ్మ. పాలిటెక్నిక్‌లో ఇంజన్ల శీతలీకరణ చదివాను. ఈ బండికి మెకానిక్‌ని.

విన్నపం ఎలా రాయాలో మాకు తరగతిలో నేర్పారు. అలాగే మొదలుపెట్టి రెండుసార్లు చించేశాను. మేం మిమ్మల్ని దయ అడగడం లేదు కాబట్టి ఆ పద్ధతి కుదరలేదు. అందుకని షెడ్డులో నేను రాసుకునే పేజీలనే కింద పంపుతున్నాను. మా వాళ్ళ తిట్లు కూడా అందులోనే ఉన్నాయి. తీసేయలేదు.

భరణి కార్తె, మూడో రోజు

ఈ రోజు పాత ఇంజన్ దింపేశాం. పోయిన రోహిణి కార్తెలో అది కొండ మధ్యలో బిగుసుకుపోయినప్పుడు, నడవలేనివాళ్ళను మంచాల మీద మోసుకుపోయాం. రోహిణి ఎండకు మేం తలదాచుకునే చలువ బిలం చేరేసరికి మూడు మంచాల మీద ఊపిరి లేదు. రోహిణిలో రోళ్ళు పగులుతాయని మా జేజి చిన్నప్పుడు సామెతగా చెప్పుకునేవారట. ఇప్పుడు మా ఇంటి ముందర రెండు ముక్కలైన రోలుంది. కోళ్ళు అందులో నీళ్ళు తాగుతాయి.

కొత్త ఇంజన్ ఒండ్రులో సగం పూడిన పాత బస్సులోంచి తీసింది. ఆరు సిలిండర్లు. కానుగ నూనెతో తిప్పి చూశాం, తిరిగింది. బండి నడిపేది సుంకులత్త, మా నాయన చెల్లెలు. ఆమె ఇంజన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏం పాపా, ఇంత లావుది మన బండి నోట్లో పడతాదా?”

“పడతాది అత్తా. ముందర అడ్డపట్టీ కోయాల.”

“కోయి. ఆ సదువంతా కోసేకే గదా.”

షెడ్డు బయట గోనెపట్టా నీడలో పడుకున్న మా నాయన దగ్గుతూనే అందుకున్నాడు. “నన్ను మోసేకి ఆరు సిలిండర్లా! నేనేమన్నా ఏనుగునా?”

నాయన ఊపిరితిత్తుల నిండా ఒండ్రు దుమ్మే. ఇంటి నుంచి షెడ్డుకు రావడానికి రెండుచోట్ల కూర్చుంటాడు. ఈసారి బిలానికి తీసుకుపోవాల్సినవాళ్ళలో అతనొకడు. నాయన లాంటివాళ్ళు మిట్ట మీద నలభై మంది దాకా ఉన్నారు. రోహిణి మొదలయ్యేలోపు బండి సిద్ధం కావాలి.

భరణి కార్తె, ఎనిమిదో రోజు

ఇంజన్ కూర్చుంది. ఇక మిగిలింది ఫ్యాను. బస్సుతో వచ్చినది ఇనప ఫ్యాను, ఇంజన్ తిరిగితే తనూ తిరుగుతుంది. గాలి బాగా లాగుతుంది. తీగలు లేవు, చెడిపోయేది ఏమీ లేదు. తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మిట్ట మీద అందరికీ అదే ఇష్టం. నాకూ అదే ఇష్టంగా ఉండింది.

కరెంటు ఫ్యాను అంటే మా వాళ్ళకు కళ్ళెమే గుర్తుకొస్తుంది. ఇంజన్ మార్చిన ప్రతి బండికీ కరెంటు ఫ్యానూ, దాని మీద మేం కళ్ళెం అనే మండలి పెట్టె కూడా ఉండాలని మీ నియమం. నడిపొద్దు ఎర్ర గంటలు మొదలవగానే పెట్టె ఫ్యానును ఆపేస్తుంది. ఫ్యాను లేక ఇంజన్ వేడెక్కుతుంది కాబట్టి బండి ఆగక తప్పదు. నడినెత్తి ఎండలో ఎవరూ దారిలో ఉండకూడదని మీ ఉద్దేశం.

“కళ్ళెం గుర్రానికి పెడతారు, బండికి పెట్టేవాళ్ళని ఇప్పుడే చూస్తాండా,” అంది అత్త. “ఇనప ఫ్యానే పెట్టు. ఎవరొచ్చి ఆపుతారో చూస్తా.”

పెట్టాను. బిగించేటప్పుడు ఒక సంగతి గమనించాను. పాత ఇంజన్‌లో ఫ్యానుకొక బెల్టు, నీళ్ళ పంపుకొక బెల్టు ఉండేవి. దీంట్లో ఫ్యాను పంపు మూతికే నాలుగు బోల్టులతో బిగించి ఉంది. రెండింటినీ ఒకటే బెల్టు తిప్పుతుంది. అత్తకు చెప్పాను. “ఒకటే బెల్టా? మంచిదేలే, పని తగ్గె,” అంది.

భరణి కార్తె, పదకొండో రోజు

బిలం దారిలో, కొండకు ముందున్న ఏటి పాయ దాటి చూడడానికి ఈ రోజు వెళ్ళాం. మనుషుల బదులు ఇసక మూటలు వేసుకున్నాం.

చదివేవారు ఎప్పుడూ మా పాయ దాటి ఉండరు కాబట్టి ఇక్కడి ఆచారం చెప్పాలి. తిరుగుతున్న ఫ్యాను నీళ్ళలో మునిగితే రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను కోసేస్తాయి. మా తాత బండి అలాగే పోయింది. అప్పటినుంచి మావాళ్ళు నీళ్ళలో దిగే ముందు ఫ్యాను బెల్టు విప్పేస్తారు. విప్పిన బెల్టును నడిపేవాళ్ళు మెళ్ళో వేసుకుంటారు, తీశారన్న సంగతి అందరికీ కనబడాలని. అవతలి గట్టెక్కి బెల్టు తిరిగి వేసేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. మెకానిక్ కర్రతో లోతు చూస్తూ ముందు నడవాలి. అత్త మెడ మీద బెల్టు రాసుకుని నల్లటి చార పడిపోయింది. ఆ చార చూపించి పెళ్ళిళ్ళలో పెద్దపీట అడుగుతుంది.

నేను కర్రతో ముందు నడిచాను. పాయ ఇప్పుడు మునుపటికన్నా చాలా వెడల్పు. నడుమ దాకా పోయి వెనక్కి తిరిగి చూస్తే బండి నీళ్ళలో వస్తోంది, అత్త మెళ్ళో బెల్టు ఉంది.

అరిచాను. “అత్తా, ఆపు! పంపు తిరగడంలా!”

గట్టు మీద చూస్తున్నవాళ్ళంతా నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. నీళ్ళలో మాట వినబడింది మరి. అత్త నన్ను కళ్ళతోనే నరికింది గాని ఆపలేదు. ఒండ్రులో ఆగితే బండి దిగబడిపోతుంది, అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఇంకో నాలుగు బారలు వచ్చేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఇంజన్ దగ్గి ఆగిపోయింది.

“నీళ్ళల్లో నోరు తెరిచినావు,” అంది అత్త కిందికి దిగి. “అందుకే మరిగింది.”

“పంపు తిరగక మరిగింది. నీ మెళ్ళో ఉండేది ఫ్యాను బెల్టు ఒకటే కాదు, పంపు బెల్టు కూడా.”

ఆమె బెల్టు వైపు చూసుకుంది.

పొద్దు వాలితే పై డ్యాంలో నీళ్ళు వదులుతారు. రాత్రిపూట నగరానికి కరెంటు కావాలి. పాయ అప్పుడు నిండి పొద్దెక్కేదాకా నిండుగానే ఉంటుంది. పగలు ఎండ పలకలు కరెంటు ఇస్తాయి కాబట్టి గేట్లు మూస్తారు. నీళ్ళు దిగి దారి తేలేసరికి ఎర్ర గంటలు ముంచుకొస్తాయి. అందుకే మేం ఆ వేళకే దాటాలి. ఈ సంగతి ముందు కూడా మీకు నోటితో చెప్పాం. ఇప్పుడు రాతలో చెబుతున్నాను.

ఇంజన్ చల్లారేదాకా ఆగాం. మరిగిన ఇంజన్‌లో చల్లనీళ్ళు పోస్తే హెడ్డు పగులుతుందని నేనంటే అత్త పాయలో చెయ్యి పెట్టి చూసింది. “చల్లనీళ్ళు యాడుండాయే తల్లీ, ఇవి పురిటి స్నానానికి పనికొస్తాయి.” తొడలోతు నీళ్ళలో నిలబడి నాలుగు బోల్టులు తడుముకుంటూ విప్పి ఫ్యానును తీసేశాను. మూతి మీద బెల్టు ఒక్కటే వేశాను. పంపు తిరిగింది, ఫ్యాను లేదు. బండి కదిలింది. నీళ్ళు రేడియేటర్ మీద చిమ్ముతుంటే వేడి చూపే ముల్లు నిమ్మళంగా దిగింది.

గట్టెక్కాక, కొండ ఎక్కే దారిలో, ముల్లు మళ్ళీ పైకి పోయింది. అక్కడ ఫ్యాను కావాలి మరి.

భరణి కార్తె, ఆఖరి రోజు

షెడ్డు ముందర అందరూ చేరారు. నేను నా తీర్మానం చెప్పాను. మన దారికి నీళ్ళలో పంపు తిరగాలి, ఫ్యాను ఆగాలి. కొండ మీద రెండూ తిరగాలి. అది ఇనప ఫ్యానుతో కుదరదు. కరెంటు ఫ్యానుతోనే కుదురుతుంది. ఒక స్విచ్ చాలు.

అందరూ ఒకేసారి అందుకున్నారు.

“నీళ్ళ ముందర బోల్టులిప్పి, దాటినాక బిగిస్తే పోలా?” అంది అత్త.

“నలభై మంది ఎండలో కూర్చోనుంటే, కాలుతున్న ఇంజన్ సందులో చెయ్యి పెట్టి రెండుసార్లా? ఎవరు చేస్తారు?”

“ముందర టార్పాలిన్ కట్టుకుంటే?”

“బండి వేగంగా పోతే నీళ్ళను తోస్తాది. ఒండ్రులో మనం నడిచేది నత్త నడక. గుడ్డ వెనక్కి కూడా నీళ్ళొస్తాయి.”

“అయితే మండలోళ్ళు చెప్పినట్టే చేస్తావన్నమాట,” అంది అత్త. అందులో కోపం కన్నా బాధే ఎక్కువుంది. “సదివిస్తే ఇదే వస్తాదని ఎల్లప్పకు ఆ పొద్దే చెప్పినా.”

ఎల్లప్ప అంటే మా నాయన. అతను గోనెపట్టా నీడలోంచి లేవలేదు గాని గొంతు లేచింది. “ఫ్యాను వ్యారే, కళ్ళెం వ్యారే సుంకులూ. నువ్వు పెండ్లి చేసుకున్నావు, మీ అత్తను కూడా చేసుకున్నావా?”

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకుంది. అత్త వాళ్ళ అత్తతో పడలేక పెళ్ళైన ఏడాదికే మొగుణ్ణి తీసుకుని వేరుపడిందని మిట్ట మొత్తానికి తెలుసు.

కృత్తిక కార్తె, నాలుగో రోజు

ఇంజన్ తీసిన ఆ బస్సు చల్లబస్సు, అంటే ఏసీ బస్సు. పైకప్పు మీద ఒండ్రు తవ్వితే వరసగా ఫ్యాన్లు దొరికాయి. వాటిల్లో రెండు బాగా తిరుగుతున్నాయి. అదే బస్సులోని పెద్ద డైనమో తెచ్చి బిగించాను, రెండింటికీ సరిపడా కరెంటు ఇస్తుంది.

మొదటిరోజు ఫలితం సిగ్గుచేటు. మూటలతో కొండ ఎక్కుతుంటే సగంలోనే ముల్లు ఎర్రగీతను తాకింది. అత్త స్టీరింగ్ మీద గడ్డం ఆనించి, “బాగుండాయి పాపా, ఇంట్లో ఉగ్గిన్నె చల్లార్చేకి,” అంది.

తప్పు ఫ్యాన్లది కాదు. రేడియేటర్‌కూ ఫ్యాన్లకూ మధ్య ఖాళీలోంచి పక్క గాలి లోపలికి వస్తోంది. నూనె డ్రమ్ము రేకు కోసి, చుట్టూ డొప్పలా కట్టి, సందులకు పాత ట్యూబు ముక్కలు అతికించాను. ఇప్పుడు గాలి లోపలికి పోవాలంటే రేడియేటర్ గుండానే పోవాలి. మరునాడు అదే కొండ, అవే మూటలు, అదే ఎర్ర గంట. ముల్లు నడుమ నిలబడింది. పాయలో స్విచ్ ఆపాను, గట్టెక్కి వేశాను. అత్త దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి ముంతెడు మజ్జిగ తెచ్చిచ్చింది. తిట్టడానికి ఏమీ దొరకనప్పుడే ఆమె మజ్జిగిస్తుంది.

కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు

మండలి తనిఖీదారు శ్రీకర్ గారు పొద్దున వచ్చారు. ఫ్యాన్లు చూసి సంతోషించారు. రేకు డొప్పను వేలితో తట్టి, ఎవరు చేశారని అడిగారు. తర్వాత సంచీలోంచి కళ్ళెం పెట్టె తీశారు.

“అది వద్దండి,” అన్నాను.

“చూడమ్మా, ఎర్ర గంటల్లో ఆగిన బండ్లలోంచి మనుషుల్ని దింపినవాణ్ణి నేను. ఎలా దింపానో చెప్పమంటే చెప్పలేను. ఈ పెట్టె వచ్చాక ఆ పని తగ్గింది. మీ మీద కోపంతో చేసిన నియమం కాదిది.”

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అది ఇక్కడ రాయాలి.

“మరి పాయ ఎప్పుడు దాటమంటారు? రాత్రి మీ నీళ్ళు అడ్డం, పగలు మీ పెట్టె అడ్డం.”

“నీళ్ళు వేరే శాఖ,” అన్నారు.

“అబ్బా, నీళ్ళకు శాఖలుండాయా!” అంది అత్త. “ఇన్నాళ్ళూ చెట్లకే అనుకుంటి.”

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. పెట్టె బిగించి చూపిస్తాను, ఎలా పనిచేస్తుందో చూసి మాట్లాడండి అన్నారు. సరే అన్నాను. ఇసక మూటలు ఎక్కించాం. మా నాయన కూడా ఎక్కి మూటల మధ్య కూర్చున్నాడు. దిగమంటే దిగలేదు. “నేనూ ఒక మూటే అనుకోమ్మా. ఈసారి ఎట్లా పోతానో ముందే చూసుకుంటా.” శ్రీకర్ గారు అతని పక్కనే కూర్చున్నారు.

పాయ దాటాం. కొండ సగం ఎక్కాం. ఎర్ర గంట మొదలైంది. పెట్టెలో చిన్న చప్పుడైంది, రెండు ఫ్యాన్లూ ఆగిపోయాయి. ముల్లు లేచింది. అత్త ఇంజన్ ఆపింది, ఆపకపోతే కాలిపోతుంది. నియమం చెప్పినట్టే అంతా జరిగింది.

బండి ఆగింది. ఎండ ఆగలేదు.

అక్కడ చెట్టు లేదు, రాతి నీడ కూడా లేదు. వెనక్కి పోవాలన్నా, ముందుకు పోవాలన్నా ఫ్యాను కావాలి. బండి అంచు ముట్టుకుంటే చెయ్యి కాలింది. నాయన ముందు హాస్యాలాడాడు, తర్వాత మానేశాడు, తర్వాత నోరు తెరిచి గాలి పీల్చడం మొదలుపెట్టాడు. చేప గట్టున పడ్డట్టు. శ్రీకర్ గారు తన నీళ్ళ సీసా అతని తల మీద వంచారు.

“పెట్టె తెరవండి,” అన్నాను.

“తాళం నగరంలో ఉంటుంది. సాయంత్రం అదే వదులుతుంది.”

“సాయంత్రానికి పాయ నిండుతుంది.”

నేను కిందికి దిగి, మండలి సీలు తెంపి, పెట్టె తీగలు పీకి, ఫ్యాన్లను నా స్విచ్‌కు కలిపాను. వేశాను. రెండూ తిరిగాయి. ఇంజన్ వేడి దిగేదాకా కాసుకుని, అత్త స్టార్ట్ చేసింది. బిలం నోట్లోకి బండి పోయేదాకా ముల్లు నడుమ దాటలేదు. చల్లగాలి తగలగానే నాయన కళ్ళు తెరిచి, “మూట చేరింది,” అన్నాడు.

బిలంలో కూర్చున్నాక శ్రీకర్ గారు ఖాళీ సీసాకు మూత బిగించారు. “సీలు తెంపితే నీ సర్టిఫికెట్ రద్దు చేస్తారు. తెలుసా?”

“తెలుసండి.”

“నేను చూసింది చూసినట్టు రాస్తాను. నువ్వు చేసింది కూడా రాయాలి.”

“రాయండి. నేనూ రాస్తాను.”

“త్వరగా రాయి,” అన్నారు. “గడువు ఈ కార్తె చివరిదాకే.”

కృత్తిక కార్తె, పదో రోజు, మధ్యాహ్నం

పేజీలు అయిపోయాయి. ఇక నా మాట.

మీ సీలు తెంపింది నేను. సుంకులమ్మ కాదు, మిట్ట కాదు. సర్టిఫికెట్ రద్దు చేస్తే చేయండి. దాని కోసం మా నాయన ఎండలో నడిచి నన్ను బడికి దింపిన దారి రద్దు కాదు, నాకొచ్చిన పనీ రద్దు కాదు. ఎర్ర గంటల్లో మనుషులు చనిపోకూడదని మీరూ అంటున్నారు, మేమూ అంటున్నాం. మీ పెట్టెకు తెలిసింది గడియారం ఒక్కటే. మా ముల్లుకు ఇంజన్ తెలుసు, మాకు దారి తెలుసు. మా బండికి కరెంటు ఫ్యాన్లు ఉంటాయి, ఎందుకంటే పాయకు అవే సరైనవి. వాటి మీద కళ్ళెం ఉండదు, ఎందుకంటే కొండకు అది చావు.

నిన్న పాయ నిండేలోపే తిరిగొచ్చి, రాత్రి మిట్ట మీద అందరినీ అడిగాను. ఎక్కేవాళ్ళ పేర్లు వాళ్ళే చెప్పారు. అత్త స్టీరింగ్ దగ్గర, నేను స్విచ్ దగ్గర ఉంటాం. రోహిణి కార్తె మొదటి రోజు, పాయ దిగగానే, ఎర్ర గంటలైనా సరే బయలుదేరతాం. మేం ఏదీ దాచడం లేదు. మీ తనిఖీదారుకు బండిలో చోటు ఉంచాం. ఈసారి నీళ్ళు రెండు సీసాలు తెచ్చుకోమనండి.

మాకు కళ్ళెం నుంచి మినహాయింపు ఇస్తున్నారో లేదో కృత్తిక కార్తె ఆఖరి రోజు పొద్దు వాలేలోపు జవాబు పంపండి. మినహాయింపు లేకపోతే మమ్మల్ని ఆపే దారి మీకు ఒక్కటే ఉంది: పగలు కూడా నీళ్ళు వదలడం. అదే చేయదలిస్తే, మా నలభై మంది పాయలో ఉండే వేళకు గేటు ఎత్తమని ఆ నీళ్ళ శాఖకు ఉత్తర్వు రాయండి. రాసి, కింద మండలి ముద్ర కాకుండా, ఒక మనిషి పేరు పెట్టి, దాని నకలు ఆ గడువులోపే మాకు పంపండి.

మద్దిలమ్మ
మెకానిక్, గుండ్లమిట్ట